కొబ్బరి కోరే యంత్రమూ, యాదమ్మ చీరా

హైదరాబాదులో నాలుగు రోజులుండి చార్మినార్ చూడకుండా తిరిగొచ్చిన మనిషిని మా స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే. గోల్కొండ చూడలేదు. ట్యాంక్‌బండ్ చూడలేదు. బిర్యానీ తిన్నాను గానీ అదీ హడావుడిగా, నిలబడి. "మరి ఏం చూసొచ్చావమ్మా?" అని అడిగినవాళ్ళకి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, సరూర్‌నగర్, తుర్కయంజాల్ అని వేళ్ళు మడిచి మరీ చెప్తున్నాను. అవి చూసే ఊళ్ళా, బస్సు మారే చోట్లా అని నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ. వచ్చి నెల దాటినా నా కాళ్ళింకా నేల మీద ఆనడం లేదు. అటు వెళ్ళనివాళ్ళ కోసం ఇదంతా రాసి పెడుతున్నాను.

నేను కోనసీమలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్తాను. కిందటేడు బతిమాలి, అలిగి, ఎలాగైతేనేం మొదటి సంవత్సరం పిల్లలకి డిజైన్ అని ఒక కోర్సు పెట్టించాను. శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. దానికి పుస్తకం లేదు. పిల్లలు ఎవరో ఒకరి పని దగ్గర కూర్చుని చూడాలి, ఆ మనిషి ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో కనిపెట్టాలి, ఆ ఇబ్బంది తగ్గించే వస్తువేదో స్వయంగా చెయ్యాలి. మామూలుగా మన దగ్గర నాలుగేళ్ళూ యంత్రాల లెక్కలు కట్టి, ఒక్క బోల్టూ బిగించకుండానే పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతారు. నేనూ అలా వెళ్ళినదాన్నే. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పానా ఎటు తిప్పాలో తెలియక అటెండర్ని అడిగాను. ఆ సిగ్గు ఈ పిల్లలకి వద్దనుకున్నాను.

మా మొదటి బ్యాచి పిల్లలు కాలేజీ క్యాంటీన్‌లో వంటచేసే సూర్యాన్ని ఎంచుకున్నారు. రోజూ చట్నీకి కొబ్బరి కోరీ కోరీ అతని మణికట్టు వాచిపోతుండేది. మూడు నెలలు కష్టపడి అతనికో యంత్రం చేశారు. కూర్చోడానికి సీటు, తొక్కడానికి సైకిలు పెడళ్ళు, గొలుసు, ఆ గొలుసు తిప్పితే గిర్రున తిరిగే పళ్ళ బిళ్ళ. కొబ్బరి చిప్ప దానికి ఆనించి పట్టుకుంటే చాలు, కోరు జలజలా రాలుతుంది. సూర్యం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాకైతే అసలే లేవు.

ఇంతలో ఆ శనివారం మూడు గంటల మీద యాజమాన్యం కన్ను పడింది. అవి తీసేసి హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ కోచింగ్ వాళ్ళని రప్పిద్దామన్నారు. ప్రిన్సిపాల్ గారు మధ్యేమార్గం చెప్పారు. తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు మీద ఒక కాలేజీలో ఇలాంటి కోర్సుల ప్రదర్శన ఉంది, ముగ్గురు పెద్దల కమిటీ వస్తుంది, వాళ్ళు పనికొస్తుందని రాసిస్తే కోర్సు ఉంటుంది, లేకపోతే లేదు. డ్రాయింగ్ ముందే పంపించాలి, తెచ్చిన వస్తువు ఆ డ్రాయింగుకి సరిగ్గా సరిపోవాలి. అదీ షరతు. పిల్లలకి పరీక్షలు కాబట్టి నేనూ, మా వర్క్‌షాప్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఫిట్టర్‌గా ఉన్న వీర్రాజుగారూ యంత్రాన్ని గోనెపట్టాలో చుట్టుకుని, ఇరవై కొబ్బరికాయలతో బస్సెక్కాం.

ఎల్బీ నగర్‌లో దిగడం

చౌటుప్పల్ దగ్గర ఎక్కడో కొబ్బరికాయల బస్తా మూతి విడిపోయింది. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా కాయలు ముందుకీ, బండి కదిలినప్పుడల్లా వెనక్కీ దొర్లాయి. నిద్రలో ఉన్న జనం కాళ్ళు పైకి పెట్టుకున్నారు. ఎల్బీ నగర్‌లో దిగేసరికి పద్ధెనిమిది దొరికాయి. మిగతా రెండూ ఈపాటికి ఎన్ని ఊళ్ళు తిరిగాయో నాకు తెలియదు.

ఎల్బీ నగర్ కూడలిని ఊహించుకోవాలంటే మా రావులపాలెం సెంటర్ని పదింతలు చేసి, అందరికీ ఒకేసారి ఆలస్యమైందని అనుకోవాలి. నల్గొండ వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి, సాగర్ వైపు నుంచి వచ్చిన బస్సులన్నీ అక్కడే మనుషుల్ని కుమ్మరిస్తున్నాయి. ఆటో ఆయన మా గోనెపట్టా మూటని చుట్టూ తిరిగి చూశాడు.

"కుట్టుమిషినా అక్కా?"

"కాదండి, కొబ్బరి కోరేది" అన్నాను.

"గంత పెద్దదా?" అని, కాసేపు ఆలోచించి, "సీట్ల పడ్తది గని మీ పెద్దాయన నా పక్కన కూసోవాలె" అన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో దాన్ని కుట్టుమిషను అన్నవాళ్ళు ముగ్గురు, ఒళ్ళు తగ్గించుకునే సైకిలు అన్నవాళ్ళు ఇద్దరు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా లాడ్జి ఉన్న సందులో ఒకావిడైతే కత్తులు సానబట్టేవాళ్ళం అనుకుని ఇంట్లోంచి రెండు కత్తిపీటలు పట్టుకొచ్చింది. వీర్రాజుగారు ఆవిణ్ణి నిరాశపరచలేక తన ఆకురాయితో పదును పెట్టిచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకాశం కనబడాలంటే రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడాలి. మిగతా అంతా బోర్డులే. బ్యాంకు కోచింగ్ మీద సాఫ్ట్‌వేర్ కోచింగ్, దాని మీద హాస్టలు, దాని మీద ఇంకో కోచింగ్. నలభై అయిదు రోజుల్లో మిమ్మల్ని డిజైన్ ఇంజనీరుని చేస్తామని ఒక బోర్డు హామీ ఇచ్చింది. దాని పక్కదాన్లో ముప్ఫై రోజులే. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు, పుస్తకాల పక్కన జామకాయలు, జామకాయల పక్కన పాస్‌పోర్ట్ ఫోటోలు. ఫైళ్ళు చంకలో పెట్టుకుని మా పిల్లల వయసువాళ్ళే వేలమంది. నాకు తల తిరిగిపోయింది, పైగా సంతోషం కూడా వేసింది. అంతమంది నేర్చుకోవాలని తిరిగే వీధిని నేనెప్పుడూ చూడలేదు.

ఒక మేడ మెట్ల కింద చిన్న గది, బయట "ఇంజనీరింగ్ ప్రాజెక్టులు లభించును" అని అట్ట. ఆగలేక లోపలికి వెళ్ళాను. ఆయనది తెనాలి వైపట, మాట వినగానే తెలిసిపోయింది.

"రండి మేడమ్, ఏ బ్రాంచి? మెకానికల్ అయితే సోలార్ బండి ఉంది, గాలిమర ఉంది. రిపోర్టు, బైండింగు, వైవాలో అడిగే ప్రశ్నలూ అన్నీ మేమే ఇస్తాం."

"మరి పిల్లలేం చేస్తారండి?"

"పేరు రాసుకుంటారండి" అన్నాడాయన చాలా మామూలుగా. తర్వాత గుమ్మంలో వీర్రాజుగారి పక్కన, గోనెపట్టా జారిన మా యంత్రాన్ని చూసి, "ఇది బావుందే, ఏ షాపులో కొన్నారు?" అని అడిగాడు.

వీర్రాజుగారి ముఖం ఎర్రబడింది. "కొనలేదండి. పిల్లలు చేశారండి" అన్నారు. ఆ షాపాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పోటీదారుడి పేరు బయటపెట్టడం ఇష్టం లేక అబద్ధమాడుతున్నామనుకున్నాడు.

సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. టీ మా ఊరి ధరకి రెట్టింపు, చిక్కదనం కూడా రెట్టింపే. టీ తెచ్చినాయన వీర్రాజుగార్ని "ఏం గావాలె పెద్దన్నా" అన్నాడు. మా వైపు పేరు తెలియని మనిషికి మాట చివర "అండి" తగిలించకపోతే అది తగువు కిందే లెక్క. ఇక్కడ అండి లేదు, దాని బదులు అందరూ అన్నలూ అక్కలే. వీర్రాజుగారు మొదట నొచ్చుకున్నారు, రెండో టీకి వచ్చేసరికి ఆయనే "తమ్ముడూ" అని పిలుస్తున్నారు.

రాష్ట్రం విడిపోవాలని ఊరూరా ఉద్యమం నడుస్తున్న రోజులు కదా ఇవి. గోడలన్నిటి మీదా జై తెలంగాణ. మర్నాడు బంద్ అని లాడ్జి మేనేజరు చెప్పాడు. మా ప్రదర్శనా మర్నాడే.

"మేడంగారూ, రేపు మనిద్దరం నోరిప్పకుండా ఉంటే మంచిదండి. మన మాట వింటే ఎక్కణ్ణించి వచ్చామో తెలిసిపోద్ది" అన్నారు వీర్రాజుగారు. ఆయన ప్రతి మాటకీ "ఆయ్" అనే మనిషి. ఆయన నోరిప్పకుండా ఉండటం నేను చూడాలనుకున్నాను.

నడిచి ఎల్బీ నగర్‌కి

పొద్దున్నే లేచి చూస్తే రోడ్డు ఖాళీ. నిన్న అడుగు పెట్టడానికి చోటు లేని చోట ఇవాళ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బస్సు లేదు, ఆటో లేదు. ఎల్బీ నగర్ దాకా వెళ్తే ఏదో ఒక బండి దొరుకుతుందనే ఆశ నాది. యంత్రం కాళ్ళకి వీర్రాజుగారు ముందుచూపుతో రెండు చిన్న చక్రాలు, పనయ్యాక ఊడదీసేలా, బిగించి ఉంచారు. దాన్ని తోసుకుంటూ ఆ జాతీయ రహదారి నడిమధ్య నడిచాం. ఇంత వెడల్పు రోడ్డు మా ఇద్దరికేనా అని నాకు ఒకటే నవ్వు. వీర్రాజుగారు మాత్రం సైగలతోనే మాట్లాడుతున్నారు.

ఎల్బీ నగర్ చేరేసరికి ప్రదర్శన శుక్రవారానికి వాయిదా పడిందని ఫోనొచ్చింది. ఇక చెయ్యడానికేమీ లేదు. కూడలి నిండా మాత్రం జనం. బస్సులు తిరిగే చోట రాళ్ళు పేర్చి వరసగా పొయ్యిలు వెలిగించారు. వంటావార్పు అంటే పేపర్లో చదవడమే గానీ చూడటం అదే మొదలు. రోడ్డు ఆపడానికి రోడ్డు మీదే వండి, అక్కడే అందరికీ వడ్డిస్తారు. మనిషి దిగి తోముకునేంత గంజుల్లో బగారా అన్నం ఉడుకుతోంది. ఇంకోపక్క వంకాయ కూర. ఒకచోట డప్పులు, ఒకచోట ఆడవాళ్ళ పాటలు, నల్లకోటు వేసుకున్న ఒక వకీలుగారు ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను కోపంగా ఉన్న జనాన్ని చూస్తాననుకున్నాను. వాళ్ళు పెళ్ళివారిలా ఉన్నారు.

పొయ్యి వెలిగించే ముందు వచ్చిన ప్రతి సంఘం వాళ్ళూ తలా ఒక కొబ్బరికాయ కొట్టారు. ఉద్యోగులొకటి, వ్యాపారులొకటి, ఆటోవాళ్ళొకటి. చూస్తుండగానే గంప నిండా చిప్పలు పోగుపడ్డాయి. గంప ముందు ఒక నలభై అయిదేళ్ళావిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కొత్త గులాబీరంగు చీర, నుదుట పెద్ద బొట్టు.

"అందరు కొట్టుడే గని, గివన్ని ఎవలు తురుముతరు? కూరల ఎయ్యకుంటే పాడైతయ్" అంది.

నోరిప్పకూడదన్న మనిషి నా పక్కనే ఉన్నాడు. చూస్తూ ఉన్నాను. ఆయన గొంతులో ఏదో కదిలింది.

"ఆయ్, మా దగ్గర మిషనుందండి" అన్నారు వీర్రాజుగారు.

చుట్టుపక్కల వాళ్ళంతా మా వైపు తిరిగారు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఆంధ్రోళ్ళా?"

"ఆయ్. కోనసీమండి" అన్నారు ఆయన. ఇక దాచడానికేముంది.

"మంచిగుంది. కొబ్బరి సంగతి మీకంటే ఎవలకెర్క? ఏదీ, తియ్యి నీ మిషిను."

ఆవిడ పేరు యాదమ్మ. నల్గొండ పక్క పల్లె నుంచి పదిహేనేళ్ళ కింద వచ్చి, ఎల్బీ నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతోంది. వీర్రాజుగారు గోనెపట్టా విప్పుతుంటే జనం గుమిగూడారు. యాదమ్మ సీటెక్కి కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. మొదటి చిప్ప అయిపోయింది. రెండోది అయింది. తెల్లటి కోరు పళ్ళెంలో గుట్టలా లేస్తుంటే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో డప్పు వాళ్ళని ఇటు రమ్మన్నారు. యాదమ్మ దరువుకి తగ్గట్టు తొక్కుతోంది, నాకు ఎగరాలనిపించింది. మా పిల్లలు ఇది చూస్తే ఎంత బావుండునని ఫోను తీసి ఫోటో కూడా తీశాను.

ఏడో చిప్ప దగ్గర పెడలు ఆగిపోయింది.

చీర కుచ్చిళ్ళు గొలుసులోకి వెళ్ళిపోయాయి. యాదమ్మ ముందుకి తొక్కితే ఇంకా లోపలికి పోతున్నాయి, వెనక్కి తొక్కితే గొలుసు కదలడం లేదు. దిగుదామంటే చీర మిషనుకి కట్టేసినట్టు ఉంది. డప్పు ఆగింది. అంత జనం మధ్యలో ఆవిడ నడుం దగ్గర చీరని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది. ఆడవాళ్ళు నలుగురు చుట్టూ అడ్డం నిలబడ్డారు. వీర్రాజుగారు ముఖం పక్కకి తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ గొలుసు ఊడదీశారు. బయటికొచ్చిన చీర అంచు జానెడు చిరిగి, మిగతాదంతా నల్లటి గ్రీజు. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

యాదమ్మ అంచు చేత్తో పట్టుకుని చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"దీన్ని చేసినోళ్ళల్ల చీర కట్టుకున్నామె ఒక్కతి లేదా?"

నేను లెక్క చూసుకున్నాను. క్లాసులో పదకొండుమంది ఆడపిల్లలు. పదకొండుమందీ చుడీదార్లు, చున్నీకి పిన్ను. నేనూ అంతే. మూడు నెలలు తొక్కి చూసిన సూర్యం పంచె పైకి మడిచి కట్టేవాడు. గొలుసు ఎంత బరువు లాగుతుందో లెక్క కట్టాం, బిళ్ళ పళ్ళు ఎన్నాళ్ళకి అరుగుతాయో కట్టాం, సీటు విరగకుండా రెండింతల బలం పెట్టాం. వంట చేసే ఆడది ఏం కట్టుకుని కూర్చుంటుందన్నది ఎవరికీ తట్టలేదు. పాఠం చెప్పేదాన్ని, ఆడదాన్ని, నాకే తట్టలేదు.

"లేదండి" అన్నాను. "కొత్త చీర కొనిస్తానండి."

"చీర సంగతి ఎనక. గీ చిప్పలెట్ల?" అంది యాదమ్మ. పక్కకి వెళ్ళి చీర మోకాళ్ళ పైకి లాగి గోచి బిగించి వచ్చింది. మళ్ళీ కూర్చుని గంపలో ఉన్న చిప్పలన్నీ పూర్తిచేసింది. దిగుతూ అంది, "నేనంటే పొలంల నాట్లేసినదాన్ని, గోచి పెట్టుకుంట. మిషినెక్కాలంటే ఆడోళ్ళందరు గోచి పెట్టాల్నా? మిషినే జర సక్కగుండొద్దా?"

ఆ మధ్యాహ్నం రోడ్డు మీద విస్తళ్ళలో కూర్చుని తిన్నాం. వంకాయ కూరలో మా కోరు ఉంది. ఎవరో వచ్చి వీర్రాజుగారి విస్తట్లో అడక్కుండానే ఇంకో గరిటె వేసి, "తిను పెద్దన్నా, మొగమాటపడకు" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా తిన్నారు. అదొక్కటే ఆ రోజు ఆయన మాటకి కట్టుబడిన సందర్భం.

సరూర్‌నగర్ చెరువు పక్కన

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే వీర్రాజుగారితో చెప్పాను. గొలుసుకి అడ్డంగా రేకు బిగిద్దామని.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "మేడంగారూ, డ్రాయింగు ముందే పంపేశామండి. అందులో లేని ముక్క తగిలిస్తే షరతు తప్పినట్టేనండి. కమిటీలో అందరూ ప్యాంట్లు తొడుక్కున్న పెద్దమనుషులే ఉంటారు. వాళ్ళు తొక్కి చూస్తే ఏమీ అవదండి. కోర్సు నిలబడాక, ఊరెళ్ళాక తీరిగ్గా బిగిద్దాం."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఒక్క రోజు ఊరుకుంటే చాలు. ఆ మూడు గంటల కోసం నేనెంత దేబిరించానో నాకు తెలుసు. కానీ నాకు ఆ అంచే కళ్ళ ముందు కనబడుతోంది. ఎదుటి మనిషి ఇబ్బంది చూడమని పిల్లలకి చెప్పే కోర్సుని, చూసిన ఇబ్బంది దాచిపెట్టి నిలబెట్టుకుంటే ఇక శనివారం వాళ్ళ ముందు నేనేం మాట్లాడాలి? ఆ మాటే అన్నాను. వీర్రాజుగారు కింద పెట్టిన గ్లాసు తీసి మిగిలిన టీ తాగేశారు. చివరికి, "రేకెక్కడ దొరుకుద్దో కనుక్కోండి మరి" అన్నారు.

యాదమ్మ తమ్ముడు అంజయ్యకి సరూర్‌నగర్ చెరువు దగ్గర వెల్డింగ్ షాపుంది. ఆవిడ కర్రీ పాయింట్‌కి వెళ్ళి అడిగితే యాదమ్మే తీసుకెళ్ళింది. అక్కడ కాలనీ ఇళ్ళ మధ్యలోంచి హఠాత్తుగా పాత ఊరు బయటపడుతుంది, బర్రెలూ, సున్నం కొట్టిన గోడలూ, ఆ వెనక చెరువు. సందుల్లో అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు పలకరించే తీరు మా అగ్రహారం వీధినే గుర్తు చేసింది.

ఇద్దరు పనివాళ్ళని ఒక యంత్రం దగ్గర నిలబెడితే ఏమవుతుందో అదే అయింది. అంజయ్య కొలత సూత్‌లలో చెప్తాడు, అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. మా వీర్రాజుగారు మిల్లీమీటర్లలో చెప్తారు.

"మూడు సూత్‌లు జాగ ఇడిస్తే సాలు పెద్దన్నా."

"తొమ్మిదిన్నర మిల్లీమీటర్లండి. పది ఉండాలి."

"అర మిల్లీమీటర్ల ఏమున్నదే?"

"అందులోనే ఉందండి అంతా."

మధ్యలో యాదమ్మ వచ్చి తన వేలు గొలుసు పక్కన పెట్టింది. "గీ వేలు పట్టాలె, చీర పట్టొద్దు. గంతే" అంది. ఇద్దరూ ఆ వేలు కొలుచుకుని పని మొదలుపెట్టారు.

రేకు కోసం అంజయ్య ఖాళీ నూనె డబ్బా కోశాడు. పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ చెరిగిపోకుండా బయటి వైపు వచ్చేలా మడిచాడు. రేకు కడిగి ఆరబెట్టి బిగించాక యాదమ్మ సందులోంచి ముగ్గురు ఆడవాళ్ళని పిలుచుకొచ్చింది. ఒకామె పొడుగు, ఒకామె పొట్టి, ఒకావిడ తొమ్మిది గజాల చీర కట్టిన ముసలావిడ. ముగ్గురూ తొక్కారు. ముసలావిడ దిగనంది. ఆ సందులో నేను నవ్విన నవ్వు నా పెళ్ళిలో కూడా నవ్వలేదు. అంజయ్య కూలీ తీసుకోలేదు, వెళ్ళేటప్పుడు రెండు కొబ్బరికాయలు మాత్రం ఇమ్మన్నాడు.

"ఏమైందో ఫోన్ చెయ్ బిడ్డా. మర్సిపోకు" అంది యాదమ్మ నంబరు చెప్తూ.

తుర్కయంజాల్ దాటాక

శుక్రవారం బస్సులు తిరిగాయి. తుర్కయంజాల్ దాటగానే రోడ్డుకి రెండు పక్కలా పొలాలు, పొలాల్లో ప్లాట్ల హద్దురాళ్ళు. కాలేజీ హాల్లో బల్లల మీద వరసగా వస్తువులు, మిలమిలా మెరుస్తూ. అందులో మూడు సోలార్ బండ్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. మూడింటి ముందూ మూడు వేర్వేరు కాలేజీల పేర్లు. మెట్ల కింది గది ఆయన గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. వీర్రాజుగారు మోచేత్తో పొడిచారు.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన మా డ్రాయింగు చేత్తో పట్టుకుని యంత్రం చుట్టూ తిరిగారు. రేకు దగ్గర ఆగారు.

"ఈ పొద్దుతిరుగుడు పువ్వు మీ డ్రాయింగులో ఎక్కడుందమ్మా?"

"లేదండి. నిన్న పెట్టాం."

"షరతు చదివారా?"

"చదివానండి."

"చదివీ మార్చారు. అంటే మీరు పంపిన డిజైన్ తప్పని మీరే చెప్తున్నారు."

"అవునండి" అన్నాను. ఇక మాట ఆగలేదు. క్యాంటీన్ సూర్యం దగ్గర మొదలుపెట్టి, వంటావార్పు, ఏడో చిప్ప, గోచి, సూత్‌లు, యాదమ్మ వేలు, అన్నీ చెప్పేశాను. ఫోనులో ఉన్న ఫోటో కూడా చూపించాను. పెద్దాయన ముఖంలో ఏమీ కనబడలేదు. పక్కాయన గడియారం చూసుకున్నారు. అయిపోయిందనుకున్నాను.

కమిటీలో మూడో మనిషి ఒకావిడ, గంజి పెట్టిన నేత చీరలో ఉన్న ప్రొఫెసరు గారు. ముగ్గురూ ప్యాంట్లేసుకున్న పెద్దమనుషులే ఉంటారన్న మా వీర్రాజుగారి లెక్కలో ఆవిడ లేరు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, సీటెక్కి కూర్చున్నారు.

"మేడమ్, చీర…" అన్నారు పెద్దాయన.

"అదే కదా చూడాల్సింది. కాయ కొట్టివ్వండి" అన్నారావిడ.

వీర్రాజుగారు కాయ కొట్టిచ్చి కళ్ళు మూసుకున్నారు. ఆవిడ రెండు చిప్పలూ పూర్తయ్యేదాకా తొక్కారు. దిగి, కుచ్చిళ్ళు దులుపుకుని, అంచు ముందుకి పట్టుకుని చూసుకున్నారు. మరక లేదు.

"ఈ తప్పు పట్టుకున్నది యాదమ్మ అన్నారు కదా. డ్రాయింగు మీద ఆమె పేరేదీ?"

డిజైన్ చేసినవారు అన్న గడిలో మా పిల్లల పేర్లు ముత్యాల్లా రాసి ఉన్నాయి. ఆవిడ తన పెన్ను తీసి నాకిచ్చారు. అక్కడే, అందరి ముందూ, రేకు బొమ్మ గీసి, దాని పక్కన పేరు రాశాను. ఫలితం ఉత్తరంలో పంపిస్తాం, వెళ్ళిరమ్మన్నారు.

మళ్ళీ కాలేజీలో

ఉత్తరం మూడు వారాలకి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన బల్ల మీద ఉత్తరంతో పాటు మా డ్రాయింగు కూడా ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ గడినే చూస్తున్నారు.

"కోర్సు ఉంచమన్నారు. మంచిది" అన్నారు. నేను కుర్చీ పట్టుకున్నాను. "గానీ ఈ యాదమ్మ ఏ సెక్షనమ్మా? రోల్ నంబరు వెయ్యలేదే. అటెండెన్స్ ఎంత?"

"కనుక్కుని చెప్తాను సార్" అని బయటికి పరుగెత్తాను. వర్క్‌షాప్ గుమ్మంలో నిలబడి వీర్రాజుగారికి చెయ్యి ఊపి, యాదమ్మ నంబరు నొక్కాను. అటు నుంచి పోపు చిటపటలు వినబడ్డాయి, ఎవరికో చారు కట్టిస్తున్న మాటలు వినబడ్డాయి. నేనెవరో చెప్పకముందే ఆవిడ గుర్తుపట్టింది.

"చెప్పు బిడ్డా" అంది యాదమ్మ. "మనం పాసైనమా?"